తెరల మోటారు బ్రేకు

పెళ్లయి నెల నిండకముందే విమలాదేవికి ఒక సంగతి తెలిసిపోయింది. లాల్‌దర్వాజాలోని అత్తవారింట్లో భర్త వైకుంఠంతో నాలుగు మాటలాడుకునే చోటు లేదు, మోటారు తప్ప. సాయంత్రం గండిపేట దారిలో వైకుంఠం బండి నడుపుతుంటే, వెనక సీట్లో ఆడవాళ్ల కోసం కట్టిన తెర కాస్త తొలగించి అతని మెడతోనే కబుర్లు చెప్పేది. అదే ఆమెకు పండుగ. ఇప్పుడా బండిని మామగారు అమ్మేస్తానంటున్నారు.

కారణం బ్రేకు. దాని తీరు ఎవరికీ అంతుపట్టలేదు. ఇంటిల్లిపాదీ గుడికి వెళ్తే పెడలు రాయిలా బిగుసుకుని, కాలు ఆనీ ఆనకముందే బండి గుంజి ఆగుతుంది. నయాపూల్ దగ్గర గులాం నబీ మోటారు కార్ఖానాకు తీసుకుపోతే మెత్తగా, బుద్ధిగా దిగుతుంది. నబీ భాయ్ చూసినప్పుడల్లా నవ్వి పంపేశాడు.

ఆ రోజు గుడి నుంచి వస్తూ బండి మళ్లీ గుంజింది. విమల పక్కనే తెరల చాటున కూర్చున్న అత్తగారు సుశీలమ్మ నుదురు ముందు సీటుకు తగిలింది.

"ఏంది బిడ్డా, నన్ను సంపుతవా?"

"కాలు ఊకె ఆనిచ్చిన అమ్మా, గంతే," అన్నాడు వైకుంఠం.

"మమ్ముల ఇంట్ల దించి కార్ఖానాకు పో."

"ఇట్లనే పోదాం అత్తమ్మా," అంది విమల. ఎందుకందో ఆమెకే తెలియదు. ఇంకాసేపు బండిలో ఉండొచ్చని కావచ్చు.

"ఆడోళ్లు కార్ఖానాకు పోతరా?"

"తెరలున్నయి కద."

కార్ఖానాలో గులాం నబీ తలుపు తీసి, వంగి చేత్తో పెడలు నొక్కాడు. మొహం చిట్లించాడు. "అరే, పత్థర్ లెక్క ఉన్నదేంది సేట్? అమ్మలు జర దిగితే కిందికెళ్లి చూస్త."

ఇద్దరూ దిగారు. అతను మళ్లీ నొక్కాడు. మెత్తగా దిగింది.

"నేనింక ఏం బాగు చెయ్యనే లేదు," అన్నాడు తన చెయ్యి తానే చూసుకుంటూ.

"నిన్ను జూసి భయపడ్డది భాయ్," అన్నాడు వైకుంఠం, నవ్వాలో ఏడవాలో తెలియక.

"దయ్యం పట్టింది," అంది సుశీలమ్మ. "రేపే అమ్మిపారెయ్యమని చెప్త మీ బాపుకు."

విమల లెక్క వేసుకుంది. గుడి దారిలో చెడ్డది, గండిపేట దారిలో మంచిది. దారి తేడానా? ఎండ తేడానా? కళాశాలలో చదివిన ఏ పాఠమూ అక్కరకు రాలేదు. ఏమీ తోచక బండినే చూస్తూ నిలబడింది. తాము దిగాక వెనక భాగం బాగా పైకి లేచినట్టు అనిపించింది.

"అత్తమ్మా, మళ్లొకసారి ఎక్కి కూసుందామా?"

"నన్ను బియ్యం బస్తా అనుకున్నవా?" అంటూనే సుశీలమ్మ ఎక్కింది. పక్కన విమల ఎక్కింది. నబీ భాయ్ నొక్కితే పెడలు రాయి. దిగారు. మెత్తన.

గులాం నబీ బండి కిందికి దూరి, దుమ్ముతో బయటికొచ్చాడు. "వెనక బరువు మోసే కమాన్ పట్టీలు విరిగినయ్. ఇద్దరి బరువు పడితే బండి కుంగి, బ్రేకు కడ్డీ దానంతటదే గుంజుకుంటున్నది. మీరెప్పుడు జూసినా అమ్మల్ని ఇంట్ల దించి ఖాళీ బండి తెస్తిరి. నాకెట్ల ఎరుక?"

"అయితే అమ్ముడెందుకు?" అన్నాడు వైకుంఠం.

"ఫికర్ వద్దు. పట్టీలు బొంబాయి నుంచి రావాలె. గప్పటిదంక వెనక సీట్ల ఎవ్వరు కూసోవద్దు."

సుశీలమ్మ ముందు సీటు వంక చూసింది. దానికి తెరలు లేవు. "నేనైతే గిండ్ల కూసోను. ఝట్కా పిలువు." తర్వాత కోడలిని కింది నుంచి మీది దాకా చూసింది. తననూ ఝట్కా ఎక్కమంటుందేమోనని విమల బండి తలుపు పట్టుకుంది.

"నువ్వు గీ బండిల రా. కొంగు నెత్తి మీద నుంచి జారనియ్యకు."

మొదటిసారి భర్త పక్కన కూర్చుంది విమల. ఎటు చూడాలో తెలియలేదు. మూల మలుపు దగ్గర బండి లాల్‌దర్వాజా వైపు తిరగలేదు.

"ఇల్లు అటు కద," అంది.

"బ్రేకు పరీక్ష చెయ్యొద్దా మరి?" అన్నాడు వైకుంఠం.