నలభై మూడు తోకలు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది ఐదుగురు. కిటికీ పక్క కుర్చీలో కర్టెను అంచు కుడుతూ నానమ్మ, వంటగదిలో అమ్మ, గుమ్మం మెట్టు మీద గోళ్లు తీసుకుంటూ నాన్న, తన గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ బాబాయి, ముందుగదిలో బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటూ వాగుడుకాయ. వాగుడుకాయకు పదిహేనేళ్లు. రోజుకు పది మాటలు మించి మాట్లాడదు కనుక ఆ పేరు పెట్టారు. పెట్టింది బాబాయే. ఆమె అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి.

నాన్నా బాబాయీ ఒకేచోట పనిచేస్తారు. ఊరి అవతల కడుతున్న అణువిద్యుత్ కేంద్రంలో గోడలకు బోల్టులు బిగించే ముఠా వాళ్లది. నాన్న ఫిట్టరు, బాబాయి ఫోర్‌మన్. అంటే ఇంట్లో పెద్దవాడు నాన్న, గేటు దాటితే పెద్దవాడు బాబాయి. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్తారు. గేటు దాకా నాన్న నడుపుతాడు, గేటు లోపల బాబాయి నడుపుతాడు. ఈ ఏర్పాటు ఎవరూ మాట్లాడుకుని చేసింది కాదు.

వాళ్లు బిగించేవి యాంకర్ బోల్టులు. కాంక్రీటు గోడలో జానెడు లోతు రంధ్రం తొలిచి, అందులో బోల్టు దించి, దానికి ఇనుప పలక తగిలించి, నట్టు బిగిస్తారు. ఆ పలకలు పైపుల్ని మోస్తాయి. చిక్కల్లా గోడ లోపలి ఇనుప చువ్వలతోనే. సగం లోతులో డ్రిల్లు చువ్వకు తగిలిందంటే పని ఆపి, ఫారం నింపి, రంధ్రం ఎటు జరపాలో ఇంజినీరును అడగాలి. జవాబు రావడానికి నాలుగు రోజులు పడుతుంది. పలక మాత్రం సాయంత్రానికల్లా గోడ మీద ఉండాలి.

బాబాయి దీనికి ఒక తేలిక దారి చూశాడు. రంధ్రం ఎంత లోతు దిగితే బోల్టును అంతకు కోసెయ్యడం. కోసేది కింది కొసను. పై కొస మీద బోల్టు పొడవు తెలిపే అక్షరం అచ్చువేసి ఉంటుంది, అది చెక్కుచెదరదు. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ అక్షరం చూసి, నట్టు బిగువు చూసి, టిక్కు పెట్టుకుని వెళ్లిపోతారు. లోపల ఎంత బోల్టు ఉందో గోడకే తెలుసు.

కోసిన ముక్కల్ని ముఠాలో తోకలంటారు. తుక్కు డబ్బాలో వేస్తే ఎవరైనా ఆరా తీస్తారని బాబాయి వాటిని అన్నం క్యారియర్‌లో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. దారిలో ఏ కాలువలోనో విసిరేసి ఉండొచ్చు. కానీ ఆ ఇంట్లో పుట్టినవాళ్లెవరికీ పనికొచ్చే వస్తువు పారెయ్యడానికి చెయ్యి రాదు. ఒక తోక ఊగిసలాడే బల్ల కాలి కింద కుదురుకుంది. ఒకటి అమ్మ పిండిడబ్బా మూత మీదికి చేరింది. గాలికి ఎగరకుండా నానమ్మ ఎనిమిదింటిని కర్టెన్ల అంచుల్లో పెట్టి కుట్టేసింది. మిగిలినవి ఆమె మంచం కింద బిస్కెట్ల డబ్బాలో, ముందుముందు అవసరం పడకపోతుందా అని ఉన్నాయి.

ఆ పలకల మీదికి ఏ పైపు వస్తుందో నాన్నకు నెల కిందట తెలిసింది. రియాక్టరును చల్లబరిచే నీళ్ల పైపు. మామూలు రోజుల్లో దాన్ని పొట్టి బోల్టయినా మోస్తుంది. భూమి కంపిస్తే మొయ్యదు. ఆ మాటే తమ్ముడితో అన్నాడు. కంపించినప్పుడు చూద్దాంలే అన్నాడు బాబాయి. నాన్న ఇంకోసారి అన్నాడు. మూడోసారి కూడా అన్నాక, బాబాయి ఇంటి దగ్గర్నుంచే స్కూటర్ తను నడపడం మొదలుపెట్టాడు.

అప్పుడు నాన్న భద్రతాధికారులకు పేరు లేని ఉత్తరం రాద్దామనుకున్నాడు. రోజువారీ షీట్లు నింపేది అతనే కనుక అతని రాత సైటులో అందరూ గుర్తుపడతారు. అందుకని ఒకరోజు వాగుడుకాయను దొడ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఇంట్లో ఆమెను మించి రహస్యం దాచగలవాళ్లు లేరు. ఏ గది, ఏ పలక, ఎన్నో బోల్టు, ఎన్ని మిల్లీమీటర్లు పొట్టి, అన్నీ చెప్పి రాయించాడు. తమ్ముడి పేరు మాత్రం చెప్పలేదు. పైవాళ్ల మాట మీద కోశాం అని రాయమన్నాడు. ఆమె గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాసింది. నాన్న రెండుసార్లు సరిచూశాడు. బోల్టుల లెక్క సరిపోయింది. ఉత్తరం పోస్టులో పడింది.

అది జరిగిన పదిహేను రోజులకు, ఈ ఆదివారం పదిన్నరప్పుడు, భుజాన సంచీతో ఒకావిడ గుమ్మం ఎక్కింది. అణుకేంద్రాల భద్రత చూసే ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చానంది. నాన్న లేచి దారి ఇచ్చి, మళ్లీ మెట్టు మీదే కూర్చున్నాడు. నానమ్మ ఆవిడ ప్యాంటుకున్న జేబులు లెక్కపెట్టి, ఎక్కడ కుట్టించావని అడిగింది. ఆవిడ చెప్పింది. ఆ తర్వాత, ఈ ఇంటి అమ్మాయితో కాసేపు ఒంటరిగా మాట్లాడాలంది.

"దాంతో ఒంటరిగా కూర్చుంటే నీకు ఏం తోస్తుందమ్మాయ్? మేమూ ఉంటాంలే," అంది నానమ్మ.

ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగి చూసింది. నానమ్మ కుర్చీ కదల్లేదు. మర్నాడు పొద్దున్నే పైపు ఎక్కిస్తారు కనుక ఇంకా బతిమాలుకునే తీరిక ఆవిడకు లేదు. బల్ల ముందు కూర్చుని, సంచిలోంచి ఉత్తరం తీసి, దాని కుడి మూల మీద వేలు పెట్టింది.

"పదో తరగతి, బి సెక్షను, పదిహేడు," అని చదివింది. "ఊళ్లో హైస్కూళ్లు రెండు. బి సెక్షను ఉన్నది ఒక్కదాన్లోనే. ఈ నంబరు నీదేనా?"

వాగుడుకాయ ఆ మూలను చూసింది. రోల్ నంబరు లేని కాగితం సైన్సు మాస్టారు దిద్దరు. నాలుగేళ్లుగా కాగితం తియ్యగానే మార్జిను కొట్టి, మూలన తరగతీ నంబరూ వేసేస్తుంది. అది ఆమె వేసేది కాదు, చెయ్యి వేసేది. ఉత్తరం మీద పేరు మాత్రం రాయకుండా ఎంతో జాగ్రత్తపడింది. నాన్న రెండుసార్లు చూశాడు గానీ, చూసింది బోల్టుల నంబర్లు.

ఆమె తలూపింది.

ఈలోగా బాబాయి చొక్కా తొడుక్కుని వచ్చి బల్లకు అటువైపు నిలబడ్డాడు. డ్రాయింగులు ఏ వైపు నుంచైనా చదవడం అతని పని. తలకిందులుగా ఉన్న ఉత్తరాన్ని మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివాడు. చదివాక ఒకసారి మెట్టు వైపు చూశాడు. నాన్న అప్పటికి తొమ్మిది గోళ్లు తీసుకున్నాడు. పదోదాని దగ్గర ఆగిపోయాడు.

"చూడమ్మా," అంది తనిఖీ ఆవిడ. "మా ఆఫీసులో ఇది పిల్లల ఆకతాయి పని అంటున్నారు. అదే అయితే ఇప్పుడే చెప్పెయ్. నిన్నెవరూ ఏమీ అనరు. ఫైలు మూసేస్తాను, రేపు పైపు ఎక్కుతుంది."

బాబాయికి కోపం రాలేదు. కుర్చీ లాక్కుని వాగుడుకాయ పక్కనే కూర్చున్నాడు.

"దీనికి రాసే పిచ్చి ఉంది మేడమ్. మేం అన్నం దగ్గర పని గురించి ఏదో అనుకుంటాం, ఇది దానికి నాలుగు కలిపి డైరీలో ఎక్కిస్తుంది. ఏమ్మా వాగుడుకాయ్, ఆటకి రాశానని చెప్పు. ఒక్క మాట. ఇవాళ్టి పదిలోంచి ఒకటి ఖర్చుపెట్టు."

మాటైనా అక్కర్లేదు, ఇంకోసారి తలూపితే చాలు. తలూపడంలో ఆమెకు మంచి అనుభవం ఉంది. ఊపితే నాన్న ఉద్యోగం ఉంటుంది, బాబాయి ఉద్యోగం ఉంటుంది, రేపు ఇద్దరూ ఒకే స్కూటర్ మీద వెళ్తారు. పైపు కూడా పొట్టి బోల్టుల మీదికి వెళ్తుంది. ఆమె నాన్న వైపు చూసింది. నాన్న గోటి వైపు చూస్తున్నాడు.

వాగుడుకాయ కుర్చీ దిగి బల్ల కిందికి వంగి, కాలి కిందున్న తోకను లాగింది. బల్ల ఒరిగింది. తనిఖీ ఆవిడ, అమ్మ తెచ్చిపెట్టిన టీ గ్లాసు ఒలకకుండా పట్టుకుంది. వాగుడుకాయ తోకను ఉత్తరం మీద పెట్టి, నానమ్మ ఒళ్లోంచి కత్తెర తీసుకుని, కర్టెను అంచు విప్పడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే కదే కుట్టాను దాన్ని," అంది నానమ్మ.

కర్టెన్లలోంచి ఎనిమిది వచ్చాయి. బిస్కెట్ల డబ్బాలోంచి ముప్పై మూడు. అమ్మ వంటగదిలోంచి తనంతట తనే వచ్చి, పిండిడబ్బా మీది తోకను తడిచేత్తో తెచ్చి చివర పెట్టి, మళ్లీ వంటగదిలోకి వెళ్లిపోయింది. బల్ల ఏటవాలుగా ఉండటం వల్ల తోకలు దొర్లి పడుతుంటే వాగుడుకాయ వాటికి అడ్డంగా లెక్కల పుస్తకం పెట్టింది.

"నలభై మూడు," అంది. "ఉత్తరంలో కూడా అన్నే ఉన్నాయి. కొలిచి చూసుకోండి."

తనిఖీ ఆవిడ జేబుల్లో ఒకదాన్లోంచి స్కేలు తీసింది. ఒక్కొక్క తోకనూ కొలిచి, ఉత్తరంలో దాని పొడవు వెతికి పట్టుకుని, పక్కన చుక్క పెట్టుకుంటూ పోయింది. పదకొండోది కొలుస్తుండగా నాన్న మెట్టు మీంచి లేచి లోపలికి వచ్చాడు.

"అవి కోసింది నేను మేడమ్. అమ్మాయి నేను చెప్పింది రాసింది, అంతే."

"కూర్చో అన్నయ్యా," అన్నాడు బాబాయి.

గేటు లోపలైతే నాన్న కూర్చునేవాడే. ఇది ఇల్లు. నిలబడే ఉన్నాడు.

కొయ్యమన్నది ఎవరని ఆవిడ అడిగింది. పైవాళ్లు అన్నాడు నాన్న, ఉత్తరంలో ఉన్నట్టే. పోనీ, షీట్ల కింద సంతకం ఎవరిదో రేపు చూసుకుంటానంది ఆవిడ. అంత దూరం వెళ్లనక్కర్లేదు, ఆ సంతకం తనదే అన్నాడు బాబాయి. భోజనానికి పిలిస్తే వస్తున్నానన్నట్టుగా చెప్పాడు.

తర్వాత ఆవిడ ఫోను చేసి, రేపటి పైపు పని ఆపమంది. అవతలివాళ్లు ఏదో వాదించారు. ఆవిడ అదే వాక్యాన్ని అదే గొంతుతో మూడుసార్లు చెప్పింది. మూడోసారికి పైపు ఆగింది. మర్నాడు తొమ్మిదింటికి ఆఫీసుకు వచ్చి జరిగిందంతా రాసివ్వమని నాన్నకు చెప్పింది. తోకలు తీసుకెళ్లడానికి నానమ్మ ఒక గుడ్డ సంచి ఇచ్చి, సంచి మాత్రం తిరిగి పంపమంది. తోకలు నలభై మూడు, గుడ్డ సంచి ఒకటి అని తనిఖీ ఆవిడ రసీదు రాసిచ్చి వెళ్లింది.

బాబాయి తన గదిలోకి వెళ్లాడు. నాన్న పెరట్లోకి వెళ్లాడు. అమ్మ ఒక గ్లాసులో టీ పోసి వాగుడుకాయ చేతిలో పెట్టి, బాబాయి గది వైపు గడ్డం చూపించింది.

బాబాయి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి గ్లాసు చాపితే లేచి వచ్చి తీసుకున్నాడు. అక్కడే నిలబడి తాగాడు.

"నీ పేరు రాయలేదు బాబాయ్," అంది వాగుడుకాయ. "నాన్న వద్దన్నాడు."

"ఊఁ."

"నంబరు నేను కావాలని వెయ్యలేదు."

"ఆ నంబరు లేకపోతే ఆవిడ వచ్చేదా?"

ఆమె ఆలోచించింది. పేరూ ఊరూ లేని ఉత్తరం ఆవిడ ఆఫీసు కాగితాల కట్టలో ఒకటిగా అక్కడే ఉండిపోయేది.

"వచ్చేది కాదు," అంది.

"రేపు నేను పనిలోకి వెళ్లేవాణ్ని."

"వెళ్లేవాడివి."

బాబాయి టీ చివరి గుక్క దాకా తాగాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఉంది. నాన్న ముఠా చేసింది ఏడు గదులే. బాబాయి కింద ఇంకో రెండు ముఠాలు ఉన్నాయి. వాళ్లకీ గోడల్లో చువ్వలు తగిలే ఉంటాయి. వాళ్ల తోకలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో నాన్నకు తెలియదు.

"రేపు తొమ్మిదింటికి నువ్వు కూడా నాన్నతో వెళ్లు బాబాయ్. మిగతా గదుల సంగతి నీకొక్కడికే తెలుసు."

బాబాయి ఆమెను ఎగాదిగా చూశాడు. ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చి, ఆమె వేళ్లు దాని చుట్టూ పడేదాకా ఆగాడు. తర్వాత ఆమె ముఖం మీదే, చప్పుడు కాకుండా, తలుపు వేసుకున్నాడు.