టక్ మన్నాక ఇంకో లాగు

ఇంజిన్లు బిగించే ఆ షెడ్డులో అందరూ ఆయన్ని గట్టిమామ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన కట్టేసిన కుళాయి మళ్లీ తిప్పాలంటే ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వెయ్యాలి. ఆయన సీసా మూత బిగించాడంటే లోపలున్నదాని మీద ఇక ఆశ వదులుకోవలసిందే. "మీరు ముట్టుకోకండి, నేను పెట్టుకుంటాను" అని వాళ్లావిడ మొత్తుకునేది. ఆ మహానుభావుడు దాన్ని కూడా మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాడు.

ఇలాంటి మనిషికి ఎదురుగా, అదే ఇంజినుకి అవతలి పక్క, కంపెనీ ఎవర్ని నిలబెట్టాలి? సాక్షాత్తూ ఆయన అల్లుణ్ణే నిలబెట్టింది. ఇంజిను మీద కూర్చునే హెడ్డుకి రెండు వరసల బోల్టులుంటాయి. కుడి వరస మామది, ఎడమ వరస అల్లుడిది. వాటిని బిగించే పానా మామూలుది కాదు, బిగువు సరిపోగానే టక్ మంటుంది. అక్కడ ఆపేసి, బోల్టు తల మీంచి హెడ్డు మీదికి ఒక రంగు గీత గియ్యాలి. ఇది బిగిసింది అని దానర్థం. మామది పసుపు గీత, అల్లుడిది తెల్ల గీత.

అల్లుడు నెమ్మదస్తుడు. పానా మెల్లగా లాగేవాడు, టక్ మనగానే వదిలేసేవాడు, గీత గీసి పక్క బోల్టుకి పోయేవాడు. అది చూస్తే మామకి ఒళ్లు మండిపోయేది. ఒక మూలుగు లేదు, నుదుట చెమట లేదు, అదీ ఒక బిగింపేనా? పిల్లనిచ్చేటప్పుడు ఉద్యోగం చూశాం, గుణం చూశాం, చేతిలో సత్తువ చూడకపోతిమే అని ఆయన దిగులు.

"కాస్త దమ్ము పెట్టి లాగవయ్యా అల్లుడూ. బోల్టు బిగిస్తున్నావా, బుజ్జగిస్తున్నావా?"

"టక్ మంది కదా మామయ్యా."

"అంటుంది, దానికేం పోయింది? రేపు ఊడితే ఉద్యోగం పోయేది నీది. వీధిన పడేది మా అమ్మాయి."

చెప్పి లాభం లేదని తేలాక, కూతురి కాపురం నిలబెట్టే బాధ్యత ఆయనే నెత్తిన వేసుకున్నాడు. అల్లుడు మంచినీళ్లకి వెళ్లగానే ఇంజిను చుట్టూ తిరిగి అవతలికి పోయేవాడు. తెల్ల గీతలున్న బోల్టుల్లో అనుమానంగా కనిపించినదాన్ని పట్టుకుని ఇంకో లాగు లాగేవాడు. ఆయనకి అనుమానంగా కనిపించనిది ఒక్కటీ ఉండేది కాదు. బోల్టు తిరిగి గీత పక్కకి జరిగితే, అల్లుడి రంగుతోనే కొత్త గీత గీసేసేవాడు. తన వరసకి మాత్రం ఈ సేవ అక్కర్లేదు. అది తన చెయ్యి కదా, టక్ అంటే టక్కే.

ఇంజిన్లని నడిపి చూసే గదిలో ఒకరోజు ఒక బోల్టు తల తెగి గోడకి తగిలింది. ఎడమ వరసది. "చూశావా, నేను చెప్పలా" అన్నట్టు మామ అల్లుడి వంక చూశాడు. ఆ వారమే ఇంకోటి తెగింది, అదీ ఎడమదే. సూపర్‌వైజరు అల్లుణ్ణి పిలిచి, మూడోది తెగితే ఈ పనిలోంచి తీసేస్తానని చెప్పాడు. పాపం మామకి ఆ రోజు ముద్ద దిగలేదు. మర్నాడు అల్లుడు నీళ్లకి వెళ్లీ వెళ్లగానే, పానాకి రెండు చేతులూ వేసి, పళ్లు బిగబట్టి, కూతుర్ని తలుచుకుని మరీ లాగాడు.

మూడోది మధ్యాహ్నానికల్లా తెగింది.

సూపర్‌వైజరు ఆ బోల్టు తల తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. "వదులుగా ఉంటే నూనె కారుతుంది. ఇలా తెగదు. అతిగా లాగితేనే తెగుతుంది. ఇదిగో, తెల్ల గీతలు రెండున్నాయి. గీసిన తర్వాత మళ్లీ ఎవరు లాగారు?"

మామకి అప్పుడు వెలిగింది.

"నేనే సార్" అన్నాడు అల్లుడు.

"అయితే రేపట్నుంచి ప్యాకింగుకి పో. పెద్దాయనా, పక్కనే ఉండి అల్లుడికి ఈ కాస్త నేర్పలేకపోయారా?" అని సూపర్‌వైజరు తన గదిలోకి వెళ్లిపోయాడు.

మామ అల్లుడి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయాడు. "నువ్వు లాగలేదని నీకు తెలుసు కదయ్యా. ఎందుకు ఒప్పుకున్నావు?"

అల్లుడు నేల చూపులు చూశాడు. "మొదటి బోల్టు మీదే రెండో గీత చూశాను మామయ్యా. ఇంటికెళ్లి మీ అమ్మాయితో చెప్పాను."

"ఏమంది?"

"మా నాన్నకి ఉన్నదల్లా ఆ చేతి మీద నమ్మకమే, అది పోతే మనిషి లేవలేడు, నువ్వు కుర్రాడివి, నువ్వు పడు అంది."

గట్టిమామకి అప్పటికి పూర్తిగా అర్థమైంది. తను కాపాడుతున్నాననుకున్న కూతురు ఇన్నాళ్లూ తననే కాపాడుతోంది, అదీ మొగుడి ఉద్యోగం పణంగా పెట్టి. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. అల్లుడు "వద్దు మామయ్యా" అంటున్నా వినకుండా షెడ్డంతా దాటి, సూపర్‌వైజరు గది తలుపు తోశాడు. లోపల ఇంకో నలుగురున్నారు. ఉంటే ఉన్నారు.

"మా అల్లుడి బిగింపు సరైనదే సార్. తెగ్గొట్టింది నేను."

రెండో మాట ఇట్టే వచ్చేసింది. మొదటిది అనడానికే ఆయన రెండుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది.