క భాష

పెళ్లయి నందిగామ వచ్చిన కొత్తలో కృష్ణప్రియకు అత్తగారింట్లో అన్నిటికంటే ఇబ్బందిగా తోచింది ఫోను. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. ఫోను హాల్లో, అత్తగారు రాజరాజేశ్వరి కూర్చునే పడక్కుర్చీ పక్కనే ఉండేది. జగ్గయ్యపేట నుంచి అక్క దీప్తి ఫోన్ చేస్తే, బారెడు దూరంలో ఆవిడ చిక్కుళ్లు వలుస్తూ ఉండేది. బాగున్నాం, భోంచేశాం అనడం తప్ప ఇంకేం మాట్లాడతారు?

దారి దీప్తే చూపించింది. బళ్లో ఆడపిల్లలు మాట్లాడుకునే క భాష. ప్రతి అక్షరం ముందూ ఒక 'క' చేర్చడమే. రేపు రా అనాలంటే "కరేకపు కరా". వేగంగా అంటే పక్కవాళ్లకు ముక్క అర్థం కాదు.

కృష్ణప్రియ ప్రాణం లేచొచ్చింది. అత్తగారి పొదుపూ, మాట విరుపూ, నూనె డబ్బా దాచుకునే తీరూ అన్నీ అక్కకు చెప్పుకునేది. ఆవిడ తలెత్తేది కాదు. ఏంటే ఆ గోల అని ఒక్కసారైనా అడగలేదు.

ఒకరోజు పనిమనిషి సౌభాగ్యమ్మ పాత సంగతి చెప్పింది. కృష్ణప్రియ భర్తకు ఒక తమ్ముడు ఉండేవాడట. ఎనిమిదేళ్ల వయసులో మెదడువాపు జ్వరంతో పోయాడట. "ఆయమ్మ కంట చుక్క నీరు రాలేదమ్మా" అంది సౌభాగ్యమ్మ. ఆ సాయంత్రమే కృష్ణప్రియ ఫోన్లో ఆ సంగతి అక్కకు చెప్పింది. "మనిషి కాదే అక్కా, రాయి. కన్నకొడుకు పోయినా ఏడవలేదంట." అదీ క భాషలోనే.

ఆ తర్వాత జగ్గయ్యపేట నుంచి ఫోన్ వచ్చినప్పుడల్లా అత్తగారు చిక్కుళ్ల పళ్లెం తీసుకుని వరండాలోకి వెళ్లిపోయేది. ఆవిడకు విసుగొచ్చి ఉంటుందనుకుంది కృష్ణప్రియ. పీడా పోయిందని సంతోషించింది కూడా. కొన్నేళ్లకు సెల్‌ఫోన్లు వచ్చాయి. గదిలో తలుపు వేసుకుని మామూలు తెలుగులోనే మాట్లాడుకోసాగారు.

2005లో కృష్ణప్రియ కూతురు రాగసుధ మూడో తరగతిలో ఉంది. బళ్లో ఆ భాష కొత్తగా నేర్చుకొచ్చి, వంటింట్లో సున్నుండలు చుడుతున్న నాయనమ్మ మీద ప్రయోగించింది.

"కనాకయకనకమ్మా, కఉంకడ కపెకట్టు."

"కముంకదు కచేకతుకలు" అంది రాజరాజేశ్వరి, చేతిలోని ఉండ మీంచి చూపు తిప్పకుండా. ముందు చేతులు కడుక్కోమని.

పిల్ల కేరింతలు కొడుతూ పెరట్లోకి పరిగెత్తింది. గుమ్మంలో ఉన్న కృష్ణప్రియ లోపలికి వచ్చింది.

"అత్తయ్యా, మీకు ఇది వచ్చాండీ?"

"మైలవరంలో మా చిన్నప్పుడు మేమూ మాట్లాడుకున్నాం. ఆడపిల్లలున్న చోట ఇది లేనిదెక్కడ?"

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ?"

"వచ్చని చెబితే నువ్వు మాట్లాడటం మానేసేదానివి. కొత్తగా వచ్చిన పిల్లవి. మీ అక్కతో తప్ప ఎవరితో చెప్పుకుంటావు?"

కృష్ణప్రియకు ఆవిడ వరండాలోకి వెళ్లడం ఏ రోజు మొదలుపెట్టిందో అప్పటికి తెలిసింది.

"ఆ రోజు నేనన్న మాట... తప్పు చేశానండీ. క్షమించండి."

"నాతో అన్నావా ఏంటి? మీ అక్కతో చెప్పుకున్నావు. వినడం నా తప్పే. ముందే లేచెళ్లాల్సింది."

కోపం లేని ఆ మాటకు కృష్ణప్రియ కుమిలిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది. ఆవిడ పక్కన పీట మీద కూర్చుంది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నా, పోయిన ఆ పిల్లాడి పేరు తను ఎప్పుడూ అడగలేదు.

"బాబు పేరేంటండీ?"

రాజరాజేశ్వరి చేతులు ఆగాయి.

"దత్తాత్రేయ. దత్తూ అని పిలిచేవాళ్లం" అంది. "మీ మామయ్య అప్పుడు గుండె జబ్బుతో మంచంలో ఉన్నారు. ఆయన ముందు ఏడవకూడదన్నారు డాక్టరు గారు. తర్వాత ఏడుద్దామనుకున్నా. ఎందుకో మరి, రాలేదు."

ఇంకేదో అడగబోయింది కృష్ణప్రియ.

"ఇక వద్దులే అమ్మాయ్" అంది ఆవిడ. మెత్తగానే అంది. ఆ తర్వాత ఆ పేరు వాళ్లిద్దరి మధ్యా మళ్లీ రాలేదు.