తోడికోడళ్ళూ, ఇనుప దూలమూ

కన్నులకు వెలుగై, కానరాని చోటికి కన్నై నిలిచిన చూపుతల్లికి తొలి మొక్కు. ఇది క్రేను నడపడం నేర్పే బడిలోని ఇద్దరు తోడికోడళ్ళ కథ. అందులోనూ చిన్నకోడలి కథ.

పెద్దకోడలిది వర్చువల్ రియాలిటీ. ముఖానికి నల్లని పెట్టె తగిలించుకొని పాఠం చెబుతుంది. ఆ పెట్టెలో పనిస్థలానికి నకలు ఉంటుంది. అచ్చుగుద్దినట్లే ఉంటుంది గాని మనుష్యసంచారం ఉండదు. అక్కడ వాన కురిస్తే ఆమె తడిసి వస్తుంది. గాలి లేస్తే తలనిండా సిమెంటు దుమ్ము. ఎవరూ ఇదేమని అడగరు. తువ్వాలు అందిస్తారు, అంతే.

చిన్నకోడలిది ఆగ్మెంటెడ్ రియాలిటీ. అద్దాల జోడులోంచి లోకం లోకంలాగే కనబడుతుంది. దానిమీద బరువు దిగవలసిన దారి పచ్చని గీతయై వెలుగుతుంది.

ఆ ఉదయం బడి యజమాని వచ్చి, ముందుకాలం దేనిదో తేల్చి ఆ ఒక్కదాన్నే ఉంచుతానన్నాడు. రెండోది నేర్పేవారికి ఇక కొలువు లేనట్లే.

"అక్కా, నీది ఎలుకబోను. బోనుకి భవిష్యత్తేంటి?"

"నా బోనులో ఎవరికీ దెబ్బ తగలదే! నువ్వు గీత చూసుకుంటూ గోడకి గుద్దుకోకు."

"ఇంట్లో చాలలేదా వదినా, ఇక్కడ కూడానా?" అని నవ్వాడు చిన్నకోడలి భర్త. క్రేను కింద బరువుకు తాళ్ళు కట్టడం అతని పని.

పరీక్ష ఒక్కటే: ఒక ఇనుప దూలాన్ని పెద్దకోడలు నకలులోనూ, చిన్నకోడలు నిజం క్రేనుతోనూ అదే చోట దించాలి. పెద్దకోడలు ముందే దించేసి, చోటు సరిచూడడానికి నకలులోనే నడిచి వెళ్ళింది.

కేబిన్‌లో చిన్నకోడలు గీతవెంట దూలాన్ని దించుతోంది. గీత నిగనిగలాడుతోంది. హఠాత్తుగా వైర్‌లెస్‌లో తోడికోడలి కేక:

"ఎవరయ్యా నువ్వు? ఇక్కడ మనుషులుండరే! జరుగు!"

ధన్‌మని దూలం నేలను తాకింది. చిన్నకోడలు జోడు ఊడబెరికింది. దూలం పక్కన, జానెడు దూరంలో, వెల్లకిలా పడి ఉన్నాడు ఆమె భర్త. కింద పెట్టిన కొయ్యదిమ్మ జరిగిందని, సైగ చేయకుండానే సర్దబోయాడట.

ఆమె మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అతని చొక్కామీద అయిదువేళ్ళ అచ్చు.

"వదిన తోసిందే," అన్నాడతడు, నీరసంగా. "చెయ్యి కాదు, రోకలి."

పెద్దకోడలు పాఠాల గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. అరచేతినిండా చెమట, అతని చొక్కామీది దుమ్ము. "మరిదని గుర్తుపట్టనేలేదే. ఎవరో పరాయివాడనుకున్నా!"

యజమాని దూలం వంక చూసి, "మరి... ఏది ఉంచమంటారు?" అన్నాడు.

చిన్నకోడలు జోడును అతని చేతిలో పెట్టింది. అన్నది: "అక్కదే ఉంచండయ్యా. నా గీత వెనకాల మా ఆయన ఉన్నాడు. నాకు కనబడలేదు."

కొలువు పోయింది, కాపురం నిలిచింది. ఈ కథ విన్నవారి చూపుకు మరుగు లేకుండుగాక! మరుగునపడిన ప్రతివారికీ తోసే చేయి ఒకటి దొరకుగాక!