గొడుగు గుడ్డ

వినోద ఊదారంగు మందును గాజు గొట్టాల్లోకి చుక్కచుక్కగా వదులుతోంది. ఏళ్ల తరబడి చేసిన పని కదా, మనసు ఎక్కడున్నా చేయి తన దారిన తాను పోతుంది. శామీర్‌పేట దాటాక ఉన్న ఆ ప్రైవేటు ల్యాబులో ఆమె పని ఇదే. కంపెనీలు పంపే నానో పొడులను, కంటికి ఆనని రేణువులను, ఈ మందులో కలపాలి. ఒంట్లో కణాలు చెడిపోకుండా కాపాడే గుణం ఆ పొడికి ఉంటే ఊదారంగు విరిగి పసుపుకు తిరుగుతుంది. ఎంత విరిగితే అంత గుణం. ఆ తర్వాత రేణువులు అడుగుకు దిగేదాకా యంత్రంలో తిప్పి, పైకి తేరినదాన్ని రంగు కొలిచే మీటరులో పెట్టి చూస్తుంది.

ఈ మందుకు గిట్టనిదల్లా వెలుతురే. ఎండ తగిలితే ఏ పొడీ కలపకుండానే పాలిపోతుంది. అందుకే సీసాకు ఎప్పుడూ అల్యూమినియం రేకు చుట్టి బీరువాలో పెడతారు.

పక్క గదిలో నల్లా కింద గాజు చప్పుడవుతోంది. భిక్షం గొట్టాలు కడుగుతున్నాడు. ఈరోజుతో ఆయనకు ఇక్కడ పని అయిపోతుంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ వినోదకు ఆయన ముందు మొహం చెల్లడం లేదు.

ఆమె చేరిన కొత్తలో చేసింది కూడా గొట్టాలు కడిగే పనే. "ఒకదాని ఎంగిలి ఇంకోదానికి అంటొద్దు బిడ్డ" అంటూ ఒక్కో గొట్టాన్నీ వెలుతురుకు ఎత్తి చూడడం భిక్షమే నేర్పాడు. ఇంటర్‌లో సైన్సు చదివిందని తెలిసి, సారుకు చెప్పి ఆమెను ఈ బల్ల దగ్గరికి పంపించింది కూడా ఆయనే. మేడ్చల్‌లో రెండు గదుల ఇల్లూ, పిల్లల చదువులూ ఈ బల్ల మీదే నడిచాయి.

పోయిన నెల, వానలు ఇంకా పడకముందు, సీసాకు చుట్టిన రేకు చినిగింది. కొత్త రేకు తేవాలని పాతది తీసేసి, సీసాను కిటికీలో పెట్టింది వినోద. అంతలో నాగారం నుంచి చెల్లెలు రోజారాణి ఫోను చేసింది. గృహప్రవేశం ముచ్చట్లు. నవ్వుకుంటూ మాట్లాడి, అటునుంచటే అన్నానికి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి సీసా బీరువాలోనే ఉంది. తనే పెట్టి ఉంటుందిలే అనుకుంది. అలా అనుకోవడంలో ఎంత సుఖముందో.

ఆ మందుతో చేసిన లెక్కలన్నీ తప్పాయి. ఏ పొడీ కలపని గొట్టం కూడా వెలిసిపోయింది. కంపెనీవాళ్లు గొడవ పెట్టారు. ల్యాబు పెద్ద చక్రపాణి సారు పిలిచి, "సీసాకు రేకు ఉందా?" అని అడిగాడు. "ఉంది సార్" అంది. అయితే గాజు సరిగ్గా కడగలేదన్నమాట అనుకుని, భిక్షాన్ని పనిలోంచి తీసేయాలని తేల్చాడు ఆయన. అప్పటి నుంచీ ఆమె తేలు కుట్టిన దొంగలా తిరుగుతోంది.

పొద్దున ఆమె వచ్చేసరికి భిక్షం స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ఏదో నల్లగుడ్డ పెట్టుకుని కుట్టుకుంటున్నాడు. ఏంటని అడగలేక తల దించుకుని పోయింది.

మధ్యాహ్నం మాత్రం ఎప్పటిలాగే ఇద్దరూ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు.

"పేట్ బషీరాబాద్‌ల అపార్ట్‌మెంటు కాడ గేటు పనంట. కూసునే పనే, ఏం పరేషాన్ లేదు" అన్నాడు భిక్షం. అన్నంలో పచ్చిపులుసు పోసుకున్నాడు. "ఆనాడు సీసను లోపట వెట్టింది నేనే, బిడ్డ. కిటికీల ఎండకు ఉండె."

వినోద చేతిలోని ముద్దను తిరిగి డబ్బాలో పెట్టేసింది.

"మరి సారుకు ఎందుకు చెప్పలే, కాకా?"

"నన్ను గాజు సంగతే అడిగిన్రు. మంచిగనే కడిగిన అన్న. సీస సంగతి ఎవ్వరడిగిన్రు?" పచ్చిపులుసు గిన్నెను ఆమె వైపు జరిపాడు. "నువ్వు చెప్తవేమో అనుకున్న."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

సాయంత్రం చక్రపాణి గది తలుపు తట్టింది.

"సార్, తప్పు నాదే. సీసను ఎండల మర్శిపోయిన. రేకు ఉందని మీకు అబద్ధం చెప్పిన. భిక్షం కాక గాజు మంచిగనే కడిగిండు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం వినోదా? గాజు సంగతేనని కంపెనీకి చెప్పేసినం. మళ్లీ మాట మారిస్తే మనల్ని ఎవరు నమ్ముతరు? రేపు కొత్త మనిషి వస్తడు. పో, పని చూస్కో."

"మరి కాక..."

"ఆయనకు వేరే పని చూపించినం గద."

నెల రోజులుగా ఏ ఉద్యోగం పోతుందని భయపడి నోరు కట్టుకుందో ఆ ఉద్యోగం పోలేదు. పోనందుకు సిగ్గుతో చచ్చిపోయింది. బయటికొచ్చి కడిగే గదిలోకి చూసింది. గొట్టాలన్నీ తెల్లగుడ్డ మీద బోర్లించి ఉన్నాయి. మనిషి లేడు.

కిటికీ దగ్గరికి పరుగెత్తింది. బయట వాన. తలమీద తువ్వాలు వేసుకుని, చంకలో అన్నం సంచితో భిక్షం గేటు దాటుతున్నాడు. ఎండకూ వానకూ గొడుగు వదలని మనిషి, ఇవాళ తడుస్తూ పోతున్నాడేమిటి అనుకుంది. "కాకా" అని పిలిచింది. వానలో వినబడినట్టు లేదు. షేరాటో ఒకటి వచ్చి ఆగింది, ఆయన ఎక్కాడు, వెళ్లిపోయింది.

చాలాసేపు అక్కడే నిలబడి ఏడ్చింది. అందరూ వెళ్లిపోతుంటే మొహం కడుక్కుని, రేపటికి మందు ఎంత మిగిలిందో చూద్దామని బీరువా తెరిచింది. సీసాకు రేకు లేదు. దాని కొలతకు సరిగ్గా కుట్టిన నల్లటి గొడుగు గుడ్డ తొడుగు ఉంది. మెడ దగ్గర గొడుగు పట్టీ చుట్టి, గుండీ పెట్టి ఉంది.