బదులు మనిషి

భవ్య ఒంటి మీది తెల్లకోటు విప్పించడం మునిలక్ష్మి కళ్లారా చూసింది.

ఆమె అది చూడ్డానికని రాలేదు. పొద్దున ఫోను చేస్తే కూతురు ఎత్తలేదు. అంతే, పుంగనూరు బస్సు బోల్తా పడిందో, ల్యాబులో యాసిడ్ సీసా పగిలిందో, బిడ్డను ఏ ఆస్పత్రిలో ఏ మంచం మీద వేశారో అని గుండె గుప్పిట్లో పట్టుకుని, చింతకాయ తొక్కు డబ్బా సంచిలో వేసుకుని, పెద్దపంజాణి పక్క పల్లె నుంచి యూనివర్సిటీకి వచ్చి పడింది. తీరా చూస్తే బిడ్డ నిక్షేపంగా ఉంది. పట్టుపురుగుల పరిశోధనశాల మెట్ల ముందు, తోటి పిల్లలతో వరుసలో నిలబడి ఉంది. వాళ్లెదురుగా లేబర్ కాంట్రాక్టరు మునికుమార్ ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు చాపుకుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

"కోట్లు విప్పి ఈ బుట్టలో ఎయ్యండి. ఇంగ మీకు ఖాకీ."

"యాల?" అంది కుప్పం నుంచి వచ్చిన ప్రీతి.

"యాలంటే నువ్వు లేబరు గాబట్టి. కమిటీ తేల్చింది. తెల్లకోటు టెక్నికల్ వాళ్లకు."

ఆ కమిటీ సంగతి చెప్పుకోవాలి. రిజిస్ట్రారు, డైరెక్టరు, ఇద్దరు ప్రొఫెసర్లు ఏసీ గదిలో కూర్చుని, జీడిపప్పు నములుతూ, రోజుల తరబడి మనుషుల్ని వర్గీకరించారు. పురుగును చూసేవాళ్లు టెక్నికల్. పురుగుకు ఆకు వేసేవాళ్లు లేబరు. మరి ఆకు వేస్తూ పురుగును చూసేవాళ్లు? ఇక్కడ పెద్ద చర్చే జరిగిందట. చేతిలో ఆకు ఉంది గనక లేబరే అని చివరికి తేల్చారు. డాక్టరేట్లు ఊరికే రావు మరి.

పేపర్లో ప్రకటన ఇచ్చిన రోజు ఈ పిల్లలే 'ల్యాబ్ టెక్నికల్ అసిస్టెంట్లు'. ఎమ్మెస్సీ ఉండాలన్నారు, ఇంటర్వ్యూలు చేశారు. చేరిన తర్వాత మునికుమార్ మనుషులన్నారు. టెక్నికల్ పోస్టులు ఖాళీ లేవట. ఎందుకుంటాయి? ఒకదాంట్లో రిజిస్ట్రారు బామ్మర్ది, ఇంకోదాంట్లో డైరెక్టరు పిన్నమ్మ కొడుకు పాతుకుని ఉన్నారు. ఫోటోలు తీసే రోజున వాళ్లు ల్యాబుకు వస్తారు. పురుగును చూస్తే వాళ్లకు వాంతి. ఈ పండితులు పురుగుకైతే జాతి చూస్తారు, తరం చూస్తారు, గుణం చూస్తారు, ఆపైన మర్యాదగా పేరు పెడతారు. మనిషి దగ్గరికొచ్చేసరికి బామ్మర్దా కాదా అన్నదొక్కటే చూస్తారు.

భవ్య కదల్లేదు. మునిలక్ష్మి వరుస దగ్గరికి ఉరికింది.

"ఇచ్చెయ్‌మే! గుడ్డ ముక్కే గదా. ఉద్యోగం పోతే ఎట్లమే?"

"అట్ల చెప్పమ్మా నీ బిడ్డకు," అన్నాడు మునికుమార్. "పల్లెటూరి దానివైనా నీకుండే తెలివి దీనికి లేదు."

భవ్య తల్లి వైపు ఒక్క చూపు చూసి, కోటు విప్పి బుట్టలో పడేసింది. ఆ చూపు మునిలక్ష్మికి తొక్కు డబ్బా మూత విసిరి మొహాన కొట్టినట్టయింది.

ఆ సాయంత్రం గేటు ఎదురుగా టీ అంగడి రేకుల కింద అందరూ కూడారు. పల్లెకు బస్సు లేక మునిలక్ష్మి కూడా ఒక మూల కూర్చుంది. ఎవరు గొంతు పెంచినా పోలీసులొస్తారేమోనని గేటు వైపు చూస్తూనే ఉంది.

మదనపల్లె అబ్బాయి ప్రదీప్ ఊగిపోతున్నాడు. "మేము ఎమ్మెస్సీ చదివినాం. మమ్మల్ని పట్టుకోని కూలోళ్లంటారా? పరువుండాదా మాకు?"

మల్బరీ తోటలో ఆకు కోసే రాములమ్మ అప్పుడే గంప దించి టీ గ్లాసు అందుకుంది. తోట ఆడవాళ్లు ఆమె వెనక నిలబడి ఉన్నారు.

"కూలోళ్లంటే ఏందప్పా, తేలు కుట్టినట్ట ఎగిరిపడతాండావు? మేము పుట్టినకాడ్నించి కూలోళ్లమే. మాకు పరువు లేదా? కోటు విప్పినాక గదా మేము మీ కండ్లకు ఆనినాము!"

ఆడవాళ్లు పక్కున నవ్వారు. ప్రదీప్ మొహం ఎర్రబడింది.

"అది కాదు రాములక్కా, నా ఉద్దేశం..."

"నీ ఉద్దేశం నాకు తెలుసులే నాయనా. నిన్ను మాలో కలిపినారని నీ ఏడుపు. మమ్మల్ని ఈడ ఎందుకు పడేసినారని ఏ పొద్దన్నా అడిగినావా? తోటలో మందు కొడితే మేము కక్కుకుంటాం. మాకు సెలవు లేదు. ఆస్పత్రి లేదు. నువ్వు మాస్కేసుకోని మమ్మల్ని దాటుకోని పోతావు."

ప్రీతి లేచింది.

"రాములక్క నిజం జెప్తాంది. తెల్లకోటు మాకియ్యండి అని అడిగితే వాళ్లు నలుగురికిచ్చి మిగతావాళ్లను తన్ని తగిలేస్తారు. వాళ్ల ఆటే అది. కోటు కాదు మనం అడగాల్సింది. ఈ కాంట్రాక్టు పోవాల. ఆకు కోసేవాళ్ల నించి మైక్రోస్కోపు చూసేవాళ్ల దాకా అందరం యూనివర్సిటీ మనుషులమేనని ఒప్పుకోవాల. అంతదాకా ఎవురూ లోపలికి పోకూడదు. తోట, ల్యాబు, రెండూ బందు."

"పురుగులు?" అంది భవ్య. "ఆకు లేకుంటే సచ్చిపోతాయి."

"ఆకు కోసే పని మాది. బామ్మర్దిని పొయ్యి కోసుకోమను," అంది రాములమ్మ.

ఈసారి నవ్వు రేకులకు తగిలింది. మునిలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. ఆమె కళ్ల ముందు బేడీలు, కోర్టు మెట్లు, ఇంటి ముందు ఆగిన జీపు ఆడుతున్నాయి.

సమ్మె మొదలైన వారానికి డైరెక్టరు ఆమెకు స్వయంగా ఫోను చేశాడు. తేనె పూసిన గొంతు.

"అమ్మా, భవ్య నా కూతురు లాంటిది. కేసు పెట్టాలని పైనుంచి ఒత్తిడి ఉంది. నేనే ఆపుతున్నాను. ఒక పని చెయ్యండి. కొద్ది రోజులు మీరొచ్చి ఆమె జాగాలో పని చూసుకోండి. అప్పుడు హాజరు పడిపోదు, ఉద్యోగమూ ఉంటుంది. ఆమెకు చెప్పక్కర్లేదు."

పల్లెల్లో అది కొత్త మాటేం కాదు. కూలికి పోయే ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు పోయి వాళ్ల సాలులో నిలబడతారు. తల్లికి బదులు కూతురు, అన్నకు బదులు తమ్ముడు. జాగా పోకూడదు, అంతే. మునిలక్ష్మి తన బుద్ధికి తెలిసిన ధర్మమే చేసింది. పైగా ఇంట్లో పట్టుపురుగులు మేపే చెయ్యి. మదనపల్లె ఆస్పత్రిలో కండ్లు చూపించుకుంటానని మొగుడు ఆదెప్పతో అబద్ధం చెప్పి, యూనివర్సిటీ పంపిన వ్యానెక్కింది. వ్యాను వెనక గేటులోంచి పోయింది. అందులో ఇంకా నలుగురు తల్లులు ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

లోపల మునికుమార్ ఒక్కొక్కరికీ ఒక తెల్లకోటు ఇచ్చాడు. మునిలక్ష్మికి వచ్చిన కోటు మోచేతి దగ్గర పసుపు మరక ఉంది. ఇంట్లో పప్పు వడ్డిస్తూ తనే చేసిన మరక. ఎమ్మెస్సీ చదివిన కూతురు ఒంటి మీద ఉండకూడదన్న కోటు, ఎనిమిదో తరగతి దాటని తల్లి ఒంటికెక్కింది.

"మేము లేబరు గాదా సామీ?" అనింది భయం భయంగా.

"ఈ రోజుకు మీరు టెక్నికల్. యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే కమిటీ ఢిల్లీ నించి వస్తాంది. నోరు మూసుకోని నిలబడితే సాలు."

ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఆ పరీక్ష ఏమిటో మాత్రం ఆమెకు తెలుసు, కూతురు చెప్పింది. పట్టుపురుగు రెక్కలొచ్చి సీతాకోకలాంటి చిలుకై గుడ్లు పెట్టాక, ఆ తల్లి చిలుకను నూరి, చుక్క తీసి అద్దం కింద చూస్తారు. తల్లికి రోగముంటే గుడ్లకూ ఉంటుంది. ఆ గుడ్లను కాల్చేస్తారు. లేకుంటే గుడ్ల అట్టల మీద 'పరీక్షించినది' అని ముద్ర వేసి రైతులకిస్తారు. ఒకసారి ఎక్కడో చూడకుండా ఇచ్చిన గుడ్లు తెచ్చుకుని మునిలక్ష్మి ఇంట్లో పంటంతా పోయింది. పురుగుల ఒళ్లంతా మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు. ఆదెప్ప వాటిని గంపల్లో ఎత్తి గుంతలో పోసి పూడుస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గోడ వారన అట్టల పెట్టెలు పేర్చి ఉన్నాయి. అన్నిటి మీదా ముద్ర పడి ఉంది. తేదీలు చూస్తే, సమ్మె మొదలయ్యాక తయారైన గుడ్లు.

"ఇవి ఎవురు సూసినారు?" అనడిగింది.

"నువ్వే. కూర్చున్నావు గదా," అన్నాడు మునికుమార్, సరసమాడినట్టు.

కమిటీ వచ్చింది. డైరెక్టరు చేతులు నలుపుకుంటూ ముందు నడిచాడు. బొట్టు పెట్టుకున్న పెద్దావిడ ఒకరు మునిలక్ష్మి పక్కన ఆగి ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"అద్దంలో ఏం కనిపిస్తోందని మేడం అడుగుతున్నారు," అన్నాడు డైరెక్టరు.

మునిలక్ష్మి వంగి చూసింది. వెలుతురులో చుక్కలు, గీతలు, ఏవో తేలుతున్నాయి. అది రోగమో, దుమ్మో, తన కంటి పొరో.

"నాకేం తెలీదు సామీ," అంది నిజాయితీగా.

డైరెక్టరు మేడం వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. 'నాకేం తెలీదు' అన్న మాట ఇంగ్లీషులో అంత పొడుగుంటుందని ఆమెకు తెలియదు. మేడం నవ్వి "వెరీ గుడ్" అంది. ఆ రెండు ముక్కలూ మునిలక్ష్మికి అర్థమయ్యాయి.

ఆమె జన్మంతా జరగని వాటికి భయపడిన మనిషి. జీపులు రాలేదు, బస్సులు బోల్తా పడలేదు. ఇప్పుడు నిజంగా జరుగుతున్నది తన చేతి కిందే జరుగుతోంది. ఇట్లాంటి పెట్టెలు ఇప్పటికే గంగవరం పోయుంటాయి, కుప్పం పోయుంటాయి, తన ఊరికీ పోయుంటాయి. మళ్లీ గుంతలు తవ్వుతారు. చూసిందెవరంటే మునిలక్ష్మి అంటారు. బిడ్డ జాగా కాపాడుతున్నాననుకుంది గానీ, ఆ జాగాలో కూర్చుని బిడ్డ గొంతే నులుముతోంది.

లేచి కిటికీ రెక్కలు తోసింది. సమ్మె వాళ్లు పాటలు పాడుతూ కూర్చున్న గేటు అల్లంత దూరంలో ఉంది.

"మే భవ్యా!" అని అరిచింది, చేలో ఆ చివర నుంచి ఈ చివరకు పిలిచే గొంతుతో. "ఈ అద్దంలో ఏముండాదో నాకు తెలీదుమే! వీళ్లు వెరీ గుడ్డంటాండారు! ఎవురూ సూడకుండానే గుడ్లకు ముద్రలేసినారు!"

గేటు దగ్గర పాట ఆగిపోయింది. లోపల డైరెక్టరు మొహం పాలిపోయింది. "మెంటల్ కేసు, మెంటల్ కేసు," అంటూ మేడంకు మళ్లీ అనువాదం మొదలుపెట్టాడు. మునికుమార్ చెయ్యి పట్టి లాగబోతే మిగిలిన నలుగురు తల్లులూ అడ్డం తిరిగారు. మునిలక్ష్మి మెట్లు దిగుతూ ఆదెప్పకు ఫోను చేసింది.

"ఏమయ్యా, యూనివర్సిటీ గుడ్ల అట్టలు ఇంట్లోకి తేవద్దు, ఎవురూ సూడకుండా ముద్రేసినారు. ఊర్లో అందరికీ జెప్పు. నా కండ్లు బాగుండాయి, నేను అబద్ధం జెప్పినా. తర్వాత తిట్టుదువులే."

గేటు దగ్గర భవ్య కన్నీళ్లతో నిలబడి ఉంది. "నువ్వా అమ్మా? మా సమ్మె మీదికి నువ్వే వొచ్చినావా?"

"తల్లే గొయ్యి తవ్వింది," అని గుంపులోంచి ఎవరో అన్నారు.

మునిలక్ష్మి కోటు విప్పి చేతిలో పట్టుకుని నిలబడింది. రాములమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"తవ్వింది. మళ్లీ తనే పూడ్సింది గదా. జరగండి, కూసోనీండి. ఎండలో పడిపోతే అదొకటి."

అందరూ జరిగారు. మునిలక్ష్మి ఆ కోటునే మట్టిలో పరుచుకుని కూర్చుంది.

పోలీసు వ్యాను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. రైతులు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినా కదలని ప్రభుత్వం, డైరెక్టరు ఒక్క ఫోను చేస్తే పరిగెత్తుకొచ్చింది. డైరెక్టరు ఎస్సై చెవిలో ఏదో ఊదాడు. ఎస్సై గొంతు సవరించుకున్నాడు.

"చదువుకున్న పిల్లలు పక్కకు రండి. సార్ పెద్ద మనసు చేసుకుని మిమ్మల్ని టెక్నికల్‌గా తీసుకుంటామంటున్నారు. మీ మీద కేసు ఉండదు. కూలోళ్లు వ్యానెక్కండి."

నిన్నటిదాకా అడిగినా ఇవ్వని వర్గం, ఇప్పుడు నడిరోడ్డు మీద పప్పు బెల్లాల్లా పంచుతున్నారు. మునిలక్ష్మి కూతురి చెయ్యి పట్టుకుంది. పక్కకు తోస్తే చాలు, బిడ్డకు కేసు లేదు, ఉద్యోగం ఉంది, కోటు ఉంది. ఆమె తొయ్యలేదు.

ఎస్సై ప్రదీప్‌ను పిలిచాడు. "ఏమప్పా, నువ్వు ఎమ్మెస్సీ గదా?"

ప్రదీప్ రాములమ్మ వైపు చూశాడు.

"కూలీ," అన్నాడు.

"నువ్వమ్మా?"

"కూలీ," అంది ప్రీతి.

"కూలీ," అంది భవ్య. ఆ వెనక గొంతులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కూలీ, కూలీ, కూలీ. ఎస్సై వేలు ఎటు చూపిస్తే అటు అదే మాట. పాపం, పండితులు రోజుల తరబడి చేసిన వర్గీకరణ ఒక్క నిమిషంలో నేలపాలైంది.

"నువ్వు లోపలి మనిషివంటనే. ఇంటికి పో," అన్నాడు ఎస్సై మునిలక్ష్మితో.

"నేనూ కూలీనే సామీ. ఈసారి ఎవురికీ బదులు గాదు," అంటూ ఆమె అందరికంటే ముందు వ్యానెక్కింది. ఎక్కి, డ్రైవరు వైపు వంగింది. "నాయనా, పిల్లోళ్లు ఉండారు. బ్రేకులు బాగుండాయా?"

వ్యానంతా నవ్వులే. భవ్య తల్లి భుజం మీద తల వాల్చి నవ్వింది.

అందరి పేర్లూ రాసుకుని కదిలేసరికి సాయంత్రమైంది. వ్యాను పుంగనూరు రోడ్డెక్కి మలుపు తిరిగింది. ఎదురుగా ట్రాక్టర్లు, మోపెడ్లు, ఆటోలు. ముందు ఆదెప్ప, వెనక పెద్దపంజాణి రైతులు, వాళ్ల వెనక గంగవరం వాళ్లు. బండి బండి మీదా ముద్ర వేసిన గుడ్ల పెట్టె. "వీటిని ఎవురు సూసినారు?" అని ఒకటే కేక. రోడ్డు మీద సందు లేదు.

వ్యాను కీచుమని అక్కడికక్కడే ఆగింది.

బ్రేకులు బాగానే ఉన్నాయి.