ఆరున్నొకటి

"లాభం, రెండు, మూడు, నాలుగు..."

నాలుగు దగ్గర ఆమె కడుపులో తిప్పింది. పళ్ళు బిగబట్టింది. చేతిలోని రస్కుని పొట్లంలోకి జారవిడిచి, గొంతు దాకా వచ్చినదాన్ని మింగి, "అయిదు" అంది. బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళంతా ఆమె వెనకే "అయిదు" అన్నారు.

ఆ గదిలో నోళ్ళు మూతపడకూడదు. రస్కులు పొట్లాలు కట్టేవాళ్ళు పన్నెండు దాకా పైకి లెక్క చెబుతూనే ఉండాలి. అది లెక్క తప్పుతుందన్న భయం కాదు. తినే నోరు లెక్క చెప్పలేదు, అందుకని. ఎవరి గొంతు ఆగితే వాళ్ళ నోట్లో రస్కు ఉన్నట్టే. ఈ ఉపాయం యజమాని తండ్రి కనిపెట్టాడు. ఆయన పోయాడు గాని ఉపాయం నిక్షేపంగా బతికే ఉంది.

కొడుకు దానికి తన తెలివి కాస్త కలిపాడు. ధాన్యం కొలిచేవాళ్ళ మాట ఎక్కడో విన్నాడు. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అసలే అనకూడదు. "పొద్దస్తమానం నా నెత్తిన ఏడు, ఏడు అని అరుస్తుంటే నేను నిజంగానే ఏడవాల్సొస్తుంది" అని, ఏడుకి బదులు ఆరున్నొకటి అనమన్నాడు. అనకేం చేస్తారు, అన్నారు.

ఆమెని అందరూ కంచు అంటారు. కంచుగొంతని ఎవరో పెట్టిన పేరు పొట్టిదై నిలిచిపోయింది. ఆమె మొదలెడితే మిగతావాళ్ళు అందుకుంటారు. ఆమె ఆగితే బల్లంతా తడబడుతుంది. అందుకే మేస్త్రి చెవి ఎప్పుడూ ఆమె మీదే ఉండేది. కళ్ళు సగం మూసుకుని బల్లల మధ్య తిరుగుతూ, ఏ గొంతు తగ్గిందో ఇట్టే పట్టేసే ఆ మనిషికి ఆడవాళ్ళు చెవులయ్య అని పేరు పెట్టుకున్నారు.

పక్క గదిలో పొయ్యి తలుపు తెరిచారు. కాగిన వనస్పతి వాసన గుప్పున వచ్చింది. "తొమ్మిది" అనబోయి కంచు ఆగిపోయింది.

చెవులయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఏం నములుతున్నావ్? నోరు తెరువు."

ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తెరవమంటే నీక్కాదూ!"

తెరిచింది. చెవులయ్య చెప్పులు రెండూ తడిసిపోయాయి.

"తొమ్మిది" అంది బల్లకి ఆ చివర ఒకావిడ, నవ్వు ఆపుకుంటూ. "పది" అన్నారు అందరూ, ఎన్నడూ లేనంత హుషారుగా. కంచు పక్కనే కూర్చున్న అత్త మాత్రం నవ్వలేదు. కొంగుతో కోడలి మూతి తుడిచి, "పదకొండు" అంటూనే నేల తుడవడానికి వంగింది. ఆవిడ ఈ గదిలోనే ముసలిదైంది. నిద్రలో కూడా లెక్క చెబుతుందని, ఇంట్లో దోమలు పన్నెండు దాటి కుట్టవని కొడుకు వెక్కిరిస్తుంటాడు.

ఆ పూట కంచుకి సగం కూలి కోశారు. చెప్పులకి కూడా ఆమెనే బాధ్యురాలిని చేశారు.

ఆమెకి కోత కొత్త కాదు. కిందటేడూ ఇలాగే వేవిళ్ళు. అప్పుడు సిగ్గుపడి, భయపడి, నోరు నొక్కుకుని పనిచేసింది. రోజుల తరబడి గుక్కెడు నీళ్ళు కూడా లోపల నిలవలేదు. ఒక్క పూట కూర్చోనివ్వమని యజమానిని అడిగితే, "కడుపులు మీరు తెచ్చుకుని, కష్టాలు నాకు చెబుతారేం?" అన్నాడు. మర్నాడు రస్కుల పళ్ళేలతో మెట్లు దిగుతూ కళ్ళు తిరిగి, కింద దాకా దొర్లింది. బిడ్డ దక్కలేదు.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజున లెక్క చెబుతూ చెబుతూ భోరుమంది. యజమాని ఆ శబ్దానికి తన గదిలోంచి బయటికొచ్చాడు. "ఏడుపు ఇక్కడ కాదు, బయటికెళ్ళి ఏడువు. ఈ గదిలో ఆ మాటే నేను పలకనివ్వను, నువ్వు ఏకంగా ఆ పనే చేస్తున్నావు" అన్నాడు. తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు కూడా. ఆ నవ్వు కంచు కడుపులో అలాగే ఉండిపోయింది. బిడ్డ నిలవని చోట అది నిలిచింది. ఈ మనిషి ఏడవాలి, నా కళ్ళముందు ఏడవాలి. పొద్దున లేస్తే ఆమెకి అదే ఆలోచన, రాత్రి కన్ను మూస్తే అదే కల.

ఈసారి నెల తప్పగానే ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు వయసులో పెద్దావిడ, తిట్టినట్టే మాట్లాడుతుంది.

"పోయినసారి ఓర్చుకున్నావుగా, ఎవరన్నా మెడలో దండేశారా? ఈసారి ఓర్చుకోకు. పొద్దున పక్క మీంచి లేవకముందే పొడిగా ఏదన్నా నములు, కాసేపాగి లే. కడుపు ఖాళీ పెట్టావో, ఇంకా తిప్పుతుంది. ఒక్కసారే కడుపునిండా తినకు. గంటకో రెండు గంటలకో కొంచెం కొంచెం తిను. నీళ్ళు తిండితోపాటు గడగడా తాగెయ్యకు, మధ్యమధ్య గుక్కలు గుక్కలుగా తాగు. చిన్న అల్లం ముక్క వేసి మరిగించి తాగినా కాస్త నయం. ఏ వాసన పడకపోతే దానికి దూరంగా, గాలి తగిలే చోట కూర్చో. తిప్పుడు తగ్గాక గుడ్డు, పప్పు, ఆకుకూర, పాలు, పండు, ఏది దొరికితే అది మానకుండా తిను. నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటేలు తగ్గి ముదురు రంగులో వచ్చినా ఆ క్షణమే ఇక్కడికి రా. అర్థమైందా?"

"పొడిగా అంటే ఏంటమ్మా?"

"రొట్టెముక్క. లేదా రస్కు. ఇంతకీ ఏం పని చేస్తావ్?"

"రస్కుల దగ్గరేనమ్మా. పొట్లాలు కడతాను."

"ఇంకేం, అదృష్టవంతురాలివి!" అంది నర్సు. కంచు ముఖం చూసి, ఎందుకన్నానా అనుకుంది.

మర్నాటి నుంచి మొగుడు అంగడిలో కొన్న రస్కు ఒకటి ఆమె తలగడ పక్కన పెట్టేవాడు. పెళ్ళాం చేత్తో కట్టిన పొట్లాన్నే తను కొనుక్కొచ్చానని లారీ తోలే ఆ మనిషికి ఒళ్ళు మండేది. రస్కు పనిచేసింది. పొద్దున తిప్పడం సగానికి సగం తగ్గింది. కాని గదిలో కూర్చున్న కాసేపటికి కడుపు ఖాళీ అయ్యేది, వనస్పతి వాసన వచ్చేది, మళ్ళీ మొదటికొచ్చేది. చేతినిండా రస్కులు, నోటినిండా లెక్క.

అత్త ఉండబట్టలేక చెవులయ్యని అడిగింది. "బాబూ, ఇంటి నుంచే తెచ్చుకుంటుంది. మధ్యలో ఓ ముక్క నోట్లో వేసుకోనివ్వండి."

"ఇంటి ముక్కకీ ఇక్కడి ముక్కకీ తేడా నా చెవికెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు ఆయన. పాపం, ఆయన బాధ ఆయనది.

ఆ వారమే కొత్త కాగితం వచ్చింది. పొట్లం మీద కడుపుతో ఉన్న అందమైన ఆడమనిషి బొమ్మ, చేతిలో రస్కు, మొహంలో చిరునవ్వు. కింద "వేవిళ్ళ వేళ, తల్లికి తోడు" అని ముద్ర. పెద్ద కాన్పుల ఆసుపత్రికి రస్కులు పంపే బేరం యజమాని చేతికి రాబోతోంది. ఆసుపత్రి డాక్టరమ్మ స్వయంగా గది చూసి వెళ్తానంది. ఆ బేరం కోసం ఆయన కొత్త పొయ్యి కూడా కట్టించాడు. నిద్రలో కూడా దాని మాటే మాట్లాడుతున్నాడని ఆయన ఇంటి వంటమనిషి చెప్పింది.

కంచు ఆ బొమ్మని చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ అత్తతో అంది.

"అత్తా, ఎక్కడ కొడితే ఆయనకి తగులుతుందో నాకు తెలిసిపోయింది."

కోడలు చెప్పిన పథకం విన్నాక అత్త కాళ్ళు వీధిలోనే ఆగిపోయాయి. "నీకేమన్నా మతిపోయిందా? ఇద్దరి పనీ పోతుంది."

"పోతే పోనీ. పోయినసారి పని ఉంది, బిడ్డ పోయింది. ఈసారి అటుదిటు అవనీ."

ఇల్లు చేరాక అత్త వంటింట్లోకి వెళ్ళి అల్లం దంచింది. దంచుతూ దంచుతూ ఆపింది.

"నీ మొగుడు నా కడుపులో ఉన్నప్పుడు నేనూ ఓ ముక్క నోట్లో వేసుకున్నానే. ఈయన తండ్రి నన్ను బల్లెక్కించాడు. నోరు తెరిచి అందరికీ చూపించమన్నాడు. చూపించాను." రోకలి గట్టిగా దించింది. "చూపించాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు."

మర్నాడు నీళ్ళకుండీ దగ్గర ఒకరి చెవిలోంచి ఒకరి చెవిలోకి మాట పాకింది. అన్నీ వినే చెవులయ్యకి అదొక్కటే వినపడలేదు.

డాక్టరమ్మ వచ్చిన రోజున గది అద్దంలా ఉంది. ఆడవాళ్ళందరికీ తెల్ల టోపీలు పెట్టారు. యజమాని చేతులు నలుపుకుంటూ, ఆవిడకి ఒకడుగు వెనకే తిరుగుతున్నాడు.

"చేతులు శుభ్రంగా ఉన్నాయి. బాగుంది. వీళ్ళు లెక్క పైకి చెబుతారని విన్నాను, ఎందుకు?" అంది డాక్టరమ్మ.

"ఒక్క రస్కు తగ్గినా తల్లులకి అన్యాయం జరుగుతుందనండీ" అన్నాడు యజమాని, సిగ్గూ ఎగ్గూ లేకుండా. "వినండి, పాటలా ఉంటుంది. కంచూ, మొదలెట్టమ్మా."

అమ్మా అనడం అదే మొదలు. కంచు గొంతు సవరించుకుంది.

"లాభం."

"లాభం" అన్నారందరూ.

రెండు, మూడు, నాలుగు. వెనక పొయ్యి తలుపు తెరిచారు, వాసన వచ్చింది. అయిదు. ఆరు. ఆరో రస్కుని పొట్లంలో పెట్టింది. తర్వాతది చేతిలోకి తీసుకుంది. పొట్లంలోకి వెళ్ళాల్సిన చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది.

కరుక్కుమంది.

ఆ వెంటనే బల్లంతా కరకరలాడింది. అత్తకి ముందు పళ్ళు లేవు. దవడ పళ్ళ మధ్య పెట్టి, రెండు చేతులతో పట్టుకుని మరీ విరిచింది. టోపీల కింద బుగ్గలన్నీ ఆడుతున్నాయి. ఆ గదిలో లెక్క వినపడకపోవడం అదే మొదటిసారి. చెవులయ్య కళ్ళు పూర్తిగా తెరిచాడు.

"ఏంటిది?" యజమాని గొంతు సన్నగా వచ్చింది. "ఏయ్, ఆపండి! ఉమ్మెయ్యండి!"

"ఉమ్మెయ్యడం దేనికి?" అంది డాక్టరమ్మ. ఆవిడ చూపు పొట్లం మీది బొమ్మ మీంచి కంచు చెయ్యి ఆనించుకున్న పొట్ట మీదికి వచ్చి ఆగింది. "కడుపుతో ఉన్న మనిషి తినకూడదా ఇక్కడ?"

యజమాని నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నుదుటి చెమట కంట్లోకి జారింది. పరుగున బల్ల దగ్గరికొచ్చి కంచు మీదికి వంగి, పళ్ళ మధ్య నుంచి మాట్లాడాడు. "లెక్క చెప్పవే. ఆరు దగ్గర ఆపావేం? ఆరు తర్వాత ఎంత? చెప్పు!"

కంచు తొందరపడలేదు. నర్సు చెప్పినట్టు కొంచెం కొంచెంగా, మెత్తగా నమిలింది. మింగింది. లోపలికి వెళ్ళింది లోపలే నిలిచింది. అప్పుడు తలెత్తి, ఎర్రబడి నీళ్ళు కారుతున్న అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఏడు" అంది.

బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్ళంతా, ఎప్పటిలాగే, ఆమె వెనకే అందుకున్నారు.

"ఏడు!"